మగ్గం గుంతలో ఫెర్న్‌లు

ఫెర్న్ కొనడానికి వచ్చినవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ఎక్కడ పెడతారు? "నీడలనే పెడ్తం" అంటారు అందరూ, పరీక్షలో సరైన జవాబు రాసినంత ధీమాగా. నాకు ఒళ్లు మండుతుంది. నీడ అంటే ఏ నీడ? వేపచెట్టు కింద ఉండేదీ నీడే, రేకుల షెడ్డు కింద ఉండేదీ నీడే. ఒకదాని కింద పడుకుంటే కునుకు పడుతుంది, రెండోదాని కింద పడుకుంటే మనిషి ఉడికిపోతాడు. మొక్కకైనా అంతే గదా.

సిద్దిపేటలో మెదక్ వెళ్లే రోడ్డు పక్కన, కిరాయి జాగాలో నాకో నర్సరీ ఉంది. మామిడి అంట్లు, మందారాలు, గులాబీలు అందరి దగ్గరా దొరుకుతాయి. ఫెర్న్‌లు మాత్రం నా దగ్గరే బాగుంటాయని ఊళ్లో పేరు. అందుకని ఇంత గర్వంగా ప్రశ్నలు వేస్తాను.

ఇంటి వెనక చెట్ల కింద నేలలో నాటుకుంటామంటే బోస్టన్ ఫెర్న్ ఇస్తాను. అది మొండిది. ఎండిపోయినట్టు కనిపించినా మొదలు బతికే ఉంటుంది. వరండాలో, పోర్టికోలో వేలాడదీస్తామన్నా అదే, కాకపోతే పడమటి గాలి తగలని మూల చూసుకోవాలి. ఇంట్లో సోఫా పక్కన కావాలంటే పిట్టగూడు ఫెర్న్. ఆకు వెడల్పుగా, మందంగా, అరటి పిలకలా ఉంటుంది కాబట్టి గదిలోని పొడిగాలిని కొంత ఓర్చుకుంటుంది. నీళ్లు మాత్రం దాని నడినెత్తిన కాదు, కుండీ అంచున పోయాలి. ఇక నల్లటి సన్న కాడలకు కొత్తిమీరలాంటి ఆకులు వేసే మెయిడెన్‌హెయిర్ ఒకటుంది. అందరికీ కావలసింది అదే. నేను ఇవ్వను. "ఫోన్ల చూసినం, మస్తుగున్నది" అంటారు. ఆ ఫొటో తీసిన చోట పొద్దున లేస్తే పొగమంచు. మన దగ్గర మార్చి వస్తే తలుపు గడియ కూడా చేతికి కాలుతుంది.

ఫెర్న్ నీడ ఒక్కదానితో బతకదు. గాలిలో ఉన్న తడితో బతుకుతుంది. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా బాపు మగ్గం చెప్పింది. ఆ మగ్గానికి నేను చేసిన మర్యాద ఏమిటో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. చెప్పుకుంటే బరువు తగ్గుతుందని కాదు. ఎవరికీ చెప్పకుండా ఇంకా ఎన్నాళ్లు మంచివాడిలా తిరగాలి?

మాది గుంత మగ్గం. నేలలో తొడలోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింద ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. మా ఇంట్లో ముందుగది అంతా మగ్గమే. మట్టి నేల, ఒకటే చిన్న కిటికీ. పడుగు పోగు ఎండితే పుటుక్కున తెగుతుంది కాబట్టి బాపు ఆ గదిని ఎండనివ్వడు. పొద్దునే నేల మీద నీళ్లు చల్లుతాడు, వేసవిలో కిటికీకి తడి గోనెసంచి కడతాడు. చిన్నప్పుడు ఆ తడి వాసన నాకు అస్సలు పడేది కాదు. బడికి వెళ్తే నా అంగీ నుంచి కూడా అదే వాసన వచ్చేది. నేత నేర్చుకోనని మొండికేసి, మీసాలు రాగానే భివండి పారిపోయాను. అక్కడ సాంచాల, అంటే కరెంటు మగ్గాల, మోతలో పన్నెండేళ్లు పని చేసి, ఒక చెవీ సగం ఊపిరీ అక్కడే వదిలేసి తిరిగొచ్చాను. నూలు చూస్తేనే వికారం పుట్టి మొక్కల వ్యాపారం పెట్టాను.

మొదటి వేసవిలోనే ఎదురుదెబ్బ తగిలింది. కడియం నుంచి లారీలో తెచ్చిన ఫెర్న్‌లు పచ్చవల కింద పెట్టాను. రోజుకు మూడుసార్లు నీళ్లు పెట్టాను. అయినా ఆకుల చివర్లు మాడి, ముట్టుకుంటే అప్పడంలా విరిగాయి. వేళ్లకు నీళ్లున్నాయి, గాలికే లేవు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని మగ్గం గదిలోకి వెళ్లాను. బయట నిప్పులు చెరుగుతుంటే అక్కడ చల్లగా, తడిగా ఉంది. చిన్నప్పుడు అసహ్యించుకున్న ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఆశ పుట్టింది. సిగ్గు పుట్టాల్సింది.

ఆ ఏడు నూలు రావడం ఆలస్యమై మగ్గం ఖాళీగా ఉంది. బాపు మాత్రం రోజూ వెళ్లి మగ్గం ముందు కూర్చుని వస్తుండేవాడు. కూర్చోకపోతే కాళ్లు గుంజుతాయనేవాడు. అదను చూసి అడిగాను.

"ఎండకాలం ఒక్కటి, బాపు. చెట్లు గీ గదిల పెట్టుకుంట. వానలు వడంగనే మల్ల మగ్గం దించుకుందాం."

"వానలు వడంగనేనా?"

"పడ్డ తెల్లారే."

ఆయన తానే మగ్గం విప్పాడు. ఏ కర్ర పక్కన ఏ కర్ర ఉండాలో గుర్తు కోసం సుద్దతో గీతలు పెట్టుకుని, తాళ్లు చుట్టలు చుట్టి, అన్నింటినీ వాకిట్లో గోడకు ఆనించి టార్పాలిన్ కప్పాడు. నేను గుంత అడుగున మెయిడెన్‌హెయిర్ కుండీలు పెట్టాను. గుంత అంచుల వెంట బోస్టన్, తలుపు దగ్గర కాస్త వెలుతురున్న చోట పిట్టగూడు. వారం తిరిగేసరికి ఆకులు చేతులు చాచినట్టు విచ్చుకున్నాయి.

బాపు వాటిని వదిలిపెట్టలేదు. పొద్దునే లేచి తన పాత చోటులోనే గుంత అంచున కూర్చునేవాడు. కాళ్లు కుండీల మధ్య ఒద్దికగా దించుకుని, చెంబులో నీళ్లు తీసుకుని చేత్తో చిలకరించేవాడు. గాలిలో తడి కొలిచే యంత్రం ఒకటి కొన్నాను నేను. ఆయన జేబులోంచి నూలు పోగు ఒకటి తీసి, రెండు వేళ్ల మధ్య లాగి, "గాలి ఎండుతున్నది, గోనె తడుపు" అనేవాడు. నా యంత్రం అదే మాట గంట తర్వాత చెప్పేది. నా ఫెర్న్‌లకు వచ్చిన పేరంతా ఆ వేళ్లది. ఈ సంగతి నర్సరీకి వచ్చిన ఒక్కరికి కూడా నేను చెప్పలేదు.

వానలు పడ్డాయి. నూలు కూడా వచ్చింది. బాపు గది గుమ్మంలో నిలబడి, "వాన వడ్డది బిడ్డా" అన్నాడు. దసరా దాకా ఆగమన్నాను. ఇళ్లు కట్టుకున్నవాళ్లు అప్పుడే గృహప్రవేశాలు పెట్టుకుంటారు, మొక్కలు ఎక్కువ పోతాయి అన్నాను. దసరా పోయాక మళ్లీ అడిగాడు, చలికాలం కానిమ్మన్నాను. మూడోసారి అడగలేదు. అడగకపోవడాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నాను. మనకు పనికొచ్చే లెక్క మనకు ఎంత తొందరగా వస్తుందో.

మాఘమాసంలో బట్టల దుకాణం సేటు ఒకాయన కొత్త ఇంటికి ఫెర్న్‌లు కావాలని వచ్చాడు. పేరున్న దుకాణం, సూరత్ చీరలు. ఇల్లు చూడటానికి వెళ్లాను. పోర్టికో ఉత్తరం వైపు ఉంది, పక్కన పొడుగు గోడ అడ్డం. ఎండ తగలదు. బోస్టన్ వేలాడదీయడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఇంటి మధ్యలో పైనుంచి వెలుతురు పడే చిన్న ఖాళీ జాగా ఉంది, అక్కడ పిట్టగూడు అన్నాను. ఏసీ ఉన్న హాలులో ఏదీ వద్దన్నాను. సేటు భార్య ముఖం ముడుచుకుంటే, సరే ఒకటి పెట్టి చూద్దామన్నాను. నా నిజాయితీ అంతవరకే. మొత్తం కుండీలు లెక్కవేసుకుని, మా గదిలో ఉన్న బోస్టన్‌లలో మంచివి ఆ ఇంటికని విడిగా పెట్టాను. తక్కువ పడ్డవాటి కోసం కడియం వెళ్లాను.

నేను లేని ఆ మూడు రోజుల్లో చలిగాలి పొడిగా వీచి ఆకుల చివర్లు కొద్దిగా ఎర్రబడ్డాయట. బాపు చూశాడు. అవి సేటు ఇంటికి పోవాల్సినవని ఆయనకు తెలుసు. కొడుకు మాట పోతుందని భయపడ్డాడు. పోగు ఎండి పెళుసుబారితే నేతగాడు ఏం చేస్తాడు? గంజి పెడతాడు. బాపు బియ్యం గంజి కాచాడు. పలచగా వడకట్టి, పడుగుకు రాసే కుంచె అటక మీదినుంచి దించి, ఒక్కో ఆకునూ ఎడమ అరచేతిలో పరుచుకుని, పైనుంచి కిందికి దువ్వినట్టు రాశాడు. ఒక్క కుండీ కాదు, అన్నీ. రెండు పొద్దులు పట్టిందట. పాలిష్ ఎక్కిన పడుగులా ఆకులు మెరిశాయని తర్వాత మా ఆవిడ చెప్పింది.

నేను దిగేసరికి ఆ మెరుపు లేదు. ఆకులు ఒకదానికొకటి అతుక్కుని అట్టలు కట్టాయి. గది నిండా పులిసిన కంపు, కుండీల మీద చీమల బారులు. గుంతలో ఉన్న మెయిడెన్‌హెయిర్ అయితే తడిపిన కాగితంలా చప్పబడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, మొక్కలు ఎట్లున్నాయో చూద్దామని సేటు కారు దిగాడు.

బాపు సంతోషంగా ఎదురొచ్చాడు. చేతిలో ఇంకా కుంచె ఉంది.

"పోగు ఎండితె గంజి పెడ్తం గద బిడ్డా. ఇగ ఇరగవు" అన్నాడు.

"చేతులు ముడుసుకోని ఒక్క కాడ కూసోరాదా నీకు?" అని అరిచాను. "నీ నేత ఎట్లాగూ మునిగింది. ఇప్పుడు నా బతుకు గూడ ముంచుతవా?"

సేటు ముందు, వాడకట్టు వినేలా అన్నాను. మాట నోరు దాటిన తర్వాత వెనక్కి తీసుకునే ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. బాపు ముఖం చిన్నబోయింది. కుంచె తీసుకెళ్లి బావి దగ్గర కడిగి, ఆరబెట్టి, లోపల పెట్టాడు. ఆ తర్వాత ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నేను ఆకులు కడిగాను, చెడ్డవి కోసేశాను, నెల తిరగకముందే బోస్టన్‌లన్నీ కొత్త చిగుళ్లు వేశాయి. కడిగితే పోయేదానికి నేను అంత మాట అన్నాను.

ఆ రోజు సేటు మాత్రం మొక్కల సంగతి మర్చిపోయి వాకిట్లో టార్పాలిన్ కింద ఉన్న కర్రల వైపు చూస్తున్నాడు.

"గిదేంది తమ్మీ, మగ్గమా? మా పోర్టికోల నిలవెట్టి, దీనికి నీ చెట్లు ఏలాడగడ్తే భలే ఉంటది గద."

అప్పటికి నాకు ఆయన బేరం పోకుండా ఉంటే చాలు. పైగా బాపు మీద కోపం ఇంకా చల్లారలేదు. "తీస్కపోన్రి సార్" అన్నాను. ఎవరిది తీసుకెళ్లమంటున్నానో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. ఆలోచించే అన్నాను.

సేటుకు మగ్గం అసలు ఎలా ఉంటుందో అలాగే కావాలి. ముక్కలు కలపడం నాకు రాదు. నేర్చుకోనని పారిపోయినవాణ్ని గదా. బాపు దగ్గరికి వెళ్లి, ముఖం చూడకుండా, "సేటు ఇంట్ల మగ్గం పెట్టుకుంటరట, నువ్వచ్చి నిలవెట్టాలె" అన్నాను.

"నేస్తరా?" అన్నాడు బాపు.

"ఆఁ" అన్నాను.

నా జీవితంలో అబద్ధాలు చాలా ఆడాను. వ్యాపారంలో తప్పవు. ఇంత చిన్నదీ ఇంత నీచమైనదీ ఇంకొకటి లేదు.

మర్నాడు బాపు గడ్డం గీయించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని తయారయ్యాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె, ఒక నూలు కండె, చిన్న కత్తి గుడ్డలో మూటకట్టుకున్నాడు. దారి పొడుగునా ట్రాలీ ఆటోలో కర్రలు కదలకుండా పట్టుకుని, తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పాడు. పెద్దింటోళ్లు గదా, ఓపిక ఉంటుంది, ఎవరికైనా నేర్పించమంటే నేర్పిస్తానన్నాడు. ముందు గొల్లభామ బొమ్మలతో ఒక చీర కొంగు వేసి చూపిస్తానన్నాడు. నేను సరేనన్నట్టు తల ఊపుతూనే ఉన్నాను.

సేటు ఇంట్లో పోర్టికో నేలంతా నల్ల గ్రానైట్. ముఖం కనిపించేంత నున్నగా ఉంది. బాపు చెప్పులు బయట విడిచి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాడు. నేలంతా చూశాడు.

"గుంత ఏడ తవ్విన్రు సేటూ?" అని అడిగాడు.

సేటు నవ్వాడు. "గుంత ఎందుకు తాతా? చెట్లు ఏలాడగట్టనీకె గద."

బాపు నా వైపు తిరిగాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ని. ఆయన చూసింది అలా కాదు. కొత్తవాళ్లను చూసినట్టు చూశాడు. అప్పుడైనా నేను, వద్దు సేటూ, తీసుకెళ్లిపోతాం అనొచ్చు. నోరు పెగల్లేదు. పెగల్లేదనడం కూడా సాకే, వేలాడదీయాల్సిన బుట్టల తీగలు సరిచూసుకుంటున్నాను.

బాపు వంగి పని మొదలుపెట్టాడు. పొద్దు తిరిగేదాకా పట్టింది. సుద్ద గీతలు చూసుకుంటూ ఒక్కో కర్ర కలిపాడు, ఒక్కో ముడి వేశాడు, తాళ్లు లాగి బిగువు చూశాడు. రేపు పొద్దున నేత మొదలుపెట్టే మగ్గాన్ని ఎలా నిలబెడతారో అలాగే నిలబెట్టాడు. తొక్కుడు చెక్కలు కిందికి దిగడానికి చోటు లేక గ్రానైట్ మీద వెల్లకిలా పడ్డాయి. ఎత్తు చాలడం లేదని సేటు మనుషులు నాలుగు మూలలా సిమెంటు ఇటుకలు పెట్టారు. నేను పై కర్రకు కడియం నుంచి తెచ్చిన ఐదు బోస్టన్ బుట్టలు కట్టాను. పచ్చటి ఆకులు పడుగు ఉండాల్సిన చోట కిందికి జారాయి. చెప్పకూడదు గానీ, చాలా అందంగా ఉంది.

సేటు భార్య బయటికొచ్చి మురిసిపోయింది. ఆమె చెడ్డ మనిషి కాదు, అందరికీ భోజనాలు పెట్టింది. "తాతా, నువ్వు మగ్గం ముంగట కూసో, ఫొటో తీస్త" అంది. బాపు కూర్చున్నాడు. కూర్చోగానే అలవాటుగా కాళ్లు ముందుకు దించబోయాడు. కింద రాయి. పాదాలు ఠక్కున తగిలాయి. ఒక కాలు మడిచాడు, మళ్లీ చాపాడు, రెండూ దగ్గరికి లాక్కున్నాడు. నలభై ఏళ్లకు పైగా మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఆ రోజు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "కొంచెం నవ్వు తాతా" అంది ఆమె. ఆయన నవ్వాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఇంటికి వచ్చేటప్పుడు అదే ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. "ఆడ గాలి ఎండుగున్నది. పొద్దుమాపు నీళ్లు సల్లుమని చెప్పు. లేకుంటే బతకయ్" అన్నాడు. ఇంటి ముందు దిగాక నేను గది ఖాళీ చేస్తానన్నాను. రేపే మొక్కలన్నీ తీసేస్తానన్నాను.

"తీసి ఏం పెడ్తవ్?" అన్నాడు.

మగ్గం తిరిగి తెస్తానని అప్పుడే అనాలి. సేటుకు పోర్టికో నచ్చింది, ఆయన చుట్టాల్లో ఇద్దరు కొత్త ఇళ్లు కడుతున్నారు, ఇవన్నీ నా తలలో తిరిగాయి. అనలేదు. మా ఆవిడ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "ఆయిన కాళ్లు ఇరగ్గొట్టినవ్" అని ఒక్కసారే అంది. మొక్కలు గదిలోనే ఉన్నాయి. ఇప్పుడు గోనెసంచి నేనే తడుపుతున్నాను, యంత్రం చూసి. బాపు పగలంతా బయట గద్దె మీద కూర్చుంటాడు, అన్నం పెడితే తింటాడు. ఆయన వేళ్లు మాత్రం ఊరికే ఉండవు, ధోతి అంచులో పోగు ఒకటి లాగి చూసుకుంటూ ఉంటాయి.

మొన్న ఎండలు ముదిరాక ఒక జంట వచ్చింది. సేటు బంధువులు. మంచి ఫెర్న్‌లు ఇంటి దగ్గర ఉన్నాయని చెప్పి వాళ్లను ఇంటికే తీసుకొచ్చాను. పోర్టికోకు ఏది బాగుంటుంది, హాలుకు ఏది బాగుంటుంది అని నేను చెప్తుంటే భర్త మధ్యలో ఆపాడు. "సేటు ఇంట్ల చూసినం. అసొంటి మగ్గం మాకు గూడ ఒకటి దొరుకుతదా?" అన్నాడు. గద్దె మీదినుంచి బాపు గొంతు వినిపించింది. సేటు ఇంటికి పోయొచ్చాక గిరాకీ ముందు ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

"ఉన్నయ్ సార్. మా వాడకట్టుల ఇంక రెండున్నయ్. నేసెటోళ్లు గూడ బతికే ఉన్నరు. అయితేంది, మావోనికి చెప్పున్రి. వాళ్లను అడగకుంటనే ఇప్పదీసుకొచ్చి ఇస్తడు."

వచ్చినాయన తన భార్య వైపు చూసి పకపకా నవ్వాడు. "పెద్దమనిషి హుషారున్నడు తమ్మీ" అన్నాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.